ఫైరింజన్ వచ్చేలోగా: ఊరి బయటి ఇంటికి సొంత అగ్ని రక్షణ, దానికయ్యే ఖర్చు

మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం. హైదరాబాద్ నుంచి వికారాబాద్ వెళ్లే దారిలో ఉన్న పల్లెలో మా మేనమామ ఇంటికి వెళ్లాం. భోజనాలయ్యాయి. పక్క పొలంలో యాసంగి వరి కోసేసి కొయ్యలకు నిప్పు పెట్టారు. ఏటా చూసేదే కాబట్టి ఎవరం పట్టించుకోలేదు. ఇంతలో గాలి తిరిగింది. కంచె కిందున్న ఎండు గడ్డి అంటుకుంది, అక్కడి నుంచి గడ్డివాముకు, వాము నుంచి పశువుల కొట్టానికి. పది నిమిషాలు కూడా పట్టలేదు. మా బావ పరిగెత్తి ఆవుల పలుపులు కోసేశాడు. నేను 101కి ఫోన్ చేశాను. దగ్గర్లోని ఫైరింజన్ అప్పటికే ఇంకో మంట దగ్గర ఉంది. మా దగ్గరికి వచ్చేసరికి యాభై నిమిషాలయింది.

వరండాలో గోడకు మంటలార్పే ఎక్స్‌టింగ్విషర్ ఉంది, కానీ దాని ఒత్తిడి చూపే ముల్లు ఎర్ర గీతలోకి దిగిపోయి ఉంది. బోరు ఉంది. "కరెంటే లేదల్లుడా, మోటరెట్ల నడుస్తది?" అన్నాడు మామ. కొట్టం మీదుగా వచ్చే సర్వీసు వైరు అప్పటికే కాలి తెగిపోయింది. మిద్దె మీది ట్యాంకుకు పైపు తగిలించి తిప్పితే ధార మూడడుగులు కూడా పోలేదు. చివరికి ఇంటిని కాపాడింది రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోస్తున్న పంచాయతీ ట్రాక్టరు ట్యాంకరు. కొట్టం పోయింది, ఇల్లు నిలిచింది.

మామ ఇంట్లో వస్తువులకు కొదవ లేదు. ఎక్స్‌టింగ్విషర్, బోరు, ట్యాంకు అన్నీ ఉన్నాయి. ఆ యాభై నిమిషాల్లో ఒక్కటీ పనిచేయలేదు, అంతే. మొయినాబాద్, శంకర్‌పల్లి, షాబాద్, కందుకూరు, యాచారం, శామీర్‌పేట వైపు ఇల్లు కట్టుకున్నవాళ్లు, ఫామ్‌హౌస్ ఉన్నవాళ్లు, ఊళ్లో అమ్మానాన్నల ఇల్లు చూసుకుంటున్నవాళ్లు ఈ వరుసలో చేసుకుంటూ వెళ్లండి. ధరలు సుమారుగా చెబుతున్నాను. కంపెనీని బట్టి, దుకాణాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి.

మొదటి అడుగు: మీ నిమిషాలు లెక్కపెట్టుకోండి

మీ ఇంటికి దగ్గర్లోని ఫైర్ స్టేషన్ ఎక్కడుందో కనుక్కోండి. ఒక రోజు కారులో అక్కడి నుంచి మీ గేటు దాకా వచ్చి టైము చూసుకోండి. కారు పావుగంటలో వస్తే, నీళ్లతో నిండిన ఫైరింజన్‌కు మట్టిరోడ్డు మీద అంతకన్నా ఎక్కువే పడుతుంది. దానికి ఫోన్ చేసి చెప్పే టైము, వాళ్లు బయల్దేరే టైము కలపండి. ఆ బండి ఇంకో చోట ఉంటే పక్క స్టేషన్ నుంచి రావాలి కాబట్టి అదీ చూసుకోండి. వచ్చిన అంకెను ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇక్కడి నుంచి మీరు పెట్టే ప్రతి రూపాయీ ఆ నిమిషాల కోసమే.

సామాన్లు నిండిన గదిలో మంట మొదలైతే కొన్ని నిమిషాల్లోనే గది మొత్తం భగ్గుమంటుంది. ఫైరింజన్ ఇరవై నిమిషాల్లో వచ్చినా ఆ గది మిగలదు. పక్క గది మిగలడం, మనుషులు బయటపడడం మన చేతిలో ఉన్న పని.

మన దగ్గర అగ్నిమాపక సేవ ప్రభుత్వానిది. 101కి గానీ 112కి గానీ ఫోన్ చేస్తే చందా కట్టావా అని ఎవరూ అడగరు. అమెరికాలో కొన్నిచోట్ల అలా కాదు. 2010లో టెనెసీ రాష్ట్రంలోని ఓబియన్ కౌంటీలో ఊరి బయటున్న ఒక ఇంటివాళ్లు పక్క పట్టణం ఫైర్ సర్వీసుకు ఏడాదికి 75 డాలర్ల చందా కట్టలేదు. ఇల్లు తగలబడుతుంటే సిబ్బంది వచ్చి, చందా కట్టిన పక్కవాళ్ల స్థలం వైపు మంట పాకకుండా చూశారు, ఆ ఇంటిని మాత్రం ఆర్పలేదు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనకు ఆ బాధ లేదు, మనకున్న చిక్కల్లా దూరం. అక్కడి చందా డబ్బులాంటిదే మనం ఇంటి దగ్గర నీళ్లకూ, పరికరాలకూ, ఇరుగుపొరుగు ఏర్పాట్లకూ పెట్టుకోవాలి.

రెండో అడుగు: ఇంటి చుట్టూ కాలేవాటిని దూరం చేయండి

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. ఫిబ్రవరి చివరికల్లా అయిపోవాలి. మార్చి దాటితే గడ్డి మొత్తం ఎండిపోతుంది, అప్పుడు ఒక్క బీడీ ముక్క చాలు.

కంచె లోపలి వైపు చుట్టూ పది పన్నెండు అడుగుల వెడల్పున గడ్డి లేకుండా ట్రాక్టరుతో దున్నించండి. అడవుల్లో ఫైర్ లైన్లు వేసేది ఇందుకే. నిప్పు నేల మీద పాకుతూ వచ్చి వట్టి మట్టి దగ్గర ఆగిపోతుంది. ట్రాక్టరుకు గంటకు 1,000 నుంచి 1,500 రూపాయలు అవుతుంది. ఎకరం, రెండెకరాల స్థలానికి గంట రెండు గంటల పని. ఒకసారి దున్నించి వదిలేయకండి. వేసవి వాన పడితే మళ్లీ మొలుస్తుంది, కాబట్టి మే నెలలో ఇంకోసారి దున్నించాలి.

ఇంటి గోడ నుంచి ముప్పై అడుగుల లోపు ఎండు మట్టలు, కట్టెల మోపులు, పాత టైర్లు, గోనె సంచులు ఉండకూడదు. కొబ్బరి చెట్టుకు వేలాడే ఎండు మట్టలు తీయించండి. ఈత మట్టలతోనో గడ్డితోనో కప్పిన కప్పు అందంగా ఉంటుంది, ఫామ్‌హౌసుల్లో ఇప్పుడు అదో ఫ్యాషన్ కూడా. వేయించుకోవాలనుకుంటే ఇంటికి ఆనించి మాత్రం వేయించకండి.

గడ్డివాము ఇంటికీ కొట్టానికీ కనీసం అరవై అడుగుల దూరంలో ఉండాలి. వీలైతే ఒకే పెద్ద వాము కన్నా రెండు చిన్న వాములు మంచివి. మధ్యలో జాగా వదిలితే ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది. కరెంటు తీగల కింద వాము వేయొద్దు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: పచ్చిగా ఉన్న గడ్డిని వాము వేస్తే లోపల మగ్గి వేడెక్కుతుంది, నిప్పు ఎవరూ పెట్టకుండానే అంటుకోవచ్చు. అనుమానంగా ఉంటే గడ్డపార నడిమికి దించి పది నిమిషాలు ఉంచి తీయండి. చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే పక్కన నీళ్లు సిద్ధంగా పెట్టుకున్నాకే వాము విప్పాలి. గాలి తగలగానే భగ్గుమనే ప్రమాదం ఉంది.

పక్క పొలం రైతుతో మాట్లాడడం కూడా ఈ అడుగులోనే ఉంది. కొయ్యలు కాల్చొద్దని పట్నం నుంచి వచ్చిన మనం నీతులు చెబితే ఎవరికీ నచ్చదు. "అన్నా, మా వైపు రెండు సాళ్లు ముందు దున్ను, ట్రాక్టరు కిరాయి నేనిస్తా" అంటే వింటాడు. మామ ఇప్పుడు ఏటా అదే చేస్తున్నాడు. బేలర్‌తో గడ్డి మోపులు కట్టించుకుపోయేవాళ్ల నంబరు ఇవ్వగలిగితే ఇంకా మంచిది. నేలకూ మేలు, పశువులకు మేతా దొరుకుతుంది.

మూడో అడుగు: కరెంటు

ఊరి బయట లైన్లలో వోల్టేజీ నిలకడగా ఉండదు. పగలు మోటార్లన్నీ నడుస్తుంటే పడిపోతుంది, రాత్రి అవి ఆగగానే పెరుగుతుంది. ఎక్కడో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సింది 400 వోల్టుల దాకా పోతుంది. ఇన్వర్టరు, ఫ్రిజ్ కాలిపోయేది అప్పుడే. పైగా తాళం వేసిన ఇళ్లలో ఎలుకలు, ఉడతలు వైర్లు కొరుకుతాయి.

అందరింట్లో ఎంసీబీలు ఉంటాయి. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అవి పడిపోతాయి. కానీ లూజు కనెక్షన్ దగ్గర వేడి పుట్టి ప్లగ్గు కరుగుతుంటే ఎంసీబీకి తెలియదు. స్విచ్‌బోర్డు మీద గోధుమరంగు మరక, ప్లగ్గు దగ్గర కాలిన వాసన, లైటు మినుకుమినుకుమనడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఏడాదికోసారి బోర్డులన్నీ విప్పించి స్క్రూలు బిగింపించండి.

లీకేజీకి ఆర్‌సీసీబీ కావాలి, 30 మిల్లీఆంపియర్లది. షాక్ నుంచి మనిషిని కాపాడుతుంది, కొరికిన వైరు నుంచి భూమిలోకి పారే కరెంటునూ ఆపుతుంది. బిగింపుతో కలిపి 2,500 నుంచి 3,500 రూపాయలు. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో అదే రోజు చూపించుకోండి. దాని మీద ఉన్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కాలి, నొక్కగానే పడిపోవాలి. వోల్టేజీ పెరిగితే లైను కట్ చేసే ప్రొటెక్టరు ఇంకో 1,000 నుంచి 2,500. ఈ రెండింట్లో ఒక్కటే కొనగలిగితే ఆర్‌సీసీబీ కొనండి.

వారానికోసారి వెళ్లే ఇల్లయితే మెయిన్ బోర్డును మూడుగా విడగొట్టించండి. బోరు ఒకటి, గేటు లైటూ సీసీ కెమెరాలూ ఒకటి, మిగతా ఇల్లంతా ఒకటి. తిరిగి వచ్చేటప్పుడు మూడోది ఆపేసి రావచ్చు. ఎలక్ట్రిక్ స్కూటరు ఉంటే పడకగదిలోనూ, మెట్ల కిందా, బయటికి పోయే దారిలోనూ చార్జింగ్ పెట్టొద్దు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది చనిపోయారు. పైనున్నవాళ్లను చుట్టేసింది పొగ.

నాలుగో అడుగు: వంటిల్లు

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరికీ సగం తెలిసిందే. గ్యాసు గాలి కన్నా బరువు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. రెగ్యులేటరు ఆపి, కిటికీలు తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి. నారింజ రంగు సురక్షా పైపు ఐదేళ్లకోసారి మార్చాలి. దాని మీద తేదీ ఉంటుంది, 200 రూపాయల లోపే. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోస్తే మంట పైకప్పు దాకా లేస్తుంది. స్టవ్ ఆపి మూత పెట్టండి. మూత దొరక్కపోతే మంట అంటుకోని దుప్పటి, అంటే ఫైర్ బ్లాంకెట్ కప్పండి, 500 నుంచి 1,000 రూపాయలకు వస్తుంది. అది పొయ్యి వెనక గోడకు కాదు, వంటింటి గుమ్మం దగ్గర తగిలించాలి. మంట మీదుగా చెయ్యి చాపి తీసుకోలేం కదా.

ఐదో అడుగు: పొగ అలారం, బయటికి దారి

నిద్రలో ఉన్న మనిషిని పొగ వాసన లేపదు. ఇంటి అగ్ని రక్షణకు నా దగ్గర ఒక్క వెయ్యి రూపాయలే ఉంటే పొగ అలారం కొంటాను. బ్యాటరీతో నడిచేవి 800 నుంచి 2,000 మధ్య దొరుకుతాయి. పడకగదుల బయట ఒకటి, హాల్లో ఒకటి, ఇన్వర్టరు ఉన్న చోట ఒకటి, పైకప్పుకు బిగించండి. వంటింట్లో పెడితే తాలింపు వేసిన ప్రతిసారీ మోగుతుంది, విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తారు. ఊరి ఇళ్లలో సాలెపురుగులు దూరి కూడా ఊరికే మోగుతుంటుంది, నెలకోసారి మెత్తని బ్రష్‌తో దులిపి బటన్ నొక్కి చూడండి.

ఇక గ్రిల్లులు. దొంగల భయంతో ఊరి బయట ఇళ్లకు అన్ని కిటికీలకూ ఇనుప గ్రిల్లు, వరండాకు షట్టరు, లోపల తాళం. అవి దొంగలను ఆపుతాయి, కానీ రాత్రి మంట లేస్తే మనల్నీ లోపలే ఆపేస్తాయి. 2025 మే 18న పాతబస్తీలో గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు, వాళ్లలో చిన్నపిల్లలే ఎనిమిది మంది. బయటికి రావడానికి ఉన్నది ఇరుకు మెట్ల దారి. అది మహానగరం నడిబొడ్డు. మన ఇల్లు చేను నడుమ ఉంది.

ప్రతి పడకగదిలో ఒక కిటికీ గ్రిల్లును బందులతో లోపలి నుంచి తెరుచుకునేలా మార్పించండి. వెల్డింగ్ షాపులో కిటికీకి 1,500 నుంచి 3,000 రూపాయలు. తాళం వేసుకునే అలవాటుంటే తాళంచెవి ఆ కిటికీ పక్కనే, పిల్లలకు అందే ఎత్తులో మేకుకు వేలాడాలి. రాత్రి లైటార్పి, ఇంటిల్లిపాదీ ఒకసారి ఆ చీకట్లో బయటికి వచ్చి చూడండి. బయట ఎక్కడ కలుసుకోవాలో ఒక చెట్టునో గేటునో గుర్తు పెట్టుకోండి. ఎవరైనా లోపలే ఉండిపోయారా అన్నది అక్కడ తలలు లెక్కపెడితేనే తెలుస్తుంది.

ఆరో అడుగు: ఎక్స్‌టింగ్విషర్

ఇంటికి ఏబీసీ పౌడరు రకం సరిపోతుంది. కట్టె, బట్ట, కాగితం మంటలకూ, పెట్రోలు లాంటి ద్రవాలకూ, గ్యాసుకూ పనిచేస్తుంది. కరెంటు సామాను మీద కూడా కొట్టొచ్చు. 6 కిలోలది 2,000 నుంచి 3,500, 4 కిలోలది 1,500 నుంచి 2,500. పెద్దవాళ్లు ఎత్తలేరనుకుంటే 4 కిలోలదే తీసుకోండి. ఎత్తలేని 6 కిలోలది ఉండీ లాభం లేదు. కార్బన్ డయాక్సైడ్ రకం సామాను పాడుచేయదు, కానీ ధర రెండు మూడింతలు, ఆరుబయట గాలికి పనిచేయదు. ఊరి ఇంటికి దాని అవసరం తక్కువ.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15683 అన్న అంకె, తయారైన సంవత్సరం చూడండి. రీఫిల్ విషయంలో మోసపోవడం తేలిక. మామ ఇంట్లో ఉన్నదాని మీద కొత్త స్టిక్కరు ఉంది, తేదీ కూడా కరెక్టుగానే ఉంది. సర్వీసు చేసిన మనిషి స్టిక్కరు మార్చి డబ్బులు తీసుకుపోయాడు, అంతే. ఇప్పుడు మేం రీఫిల్‌కు ఇచ్చే ముందు పాత పౌడరును చేలో మా కళ్ల ముందే ఖాళీ చేయిస్తాం, ఇంటివాళ్లకు అదే ప్రాక్టీసు కూడా. ప్రతి నెలా ఒకటో తారీఖున ముల్లు పచ్చ గీతలో ఉందా లేదా చూడాలి.

వాడడం నాలుగు పనులు: పిన్ను లాగు, మంట మొదలుకు గురిపెట్టు, మీట నొక్కు, అటూ ఇటూ ఊపు. నొక్కాక పదిహేను ఇరవై సెకన్లలో అయిపోతుంది. అందుకే ఆరడుగుల నుంచి పదడుగుల దూరానికి వచ్చాకే నొక్కాలి. భయంలో అందరూ పైకి ఎగిసే నాలుకల మీద కొడతారు, మంట అడుగున కాలుతూనే ఉంటుంది. మీ వెనక తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. మంట మీ ఎత్తు దాటితే ఎక్స్‌టింగ్విషర్ అక్కడే పడేసి బయటికి వచ్చేయండి, తలుపు దగ్గరికి వేసి మరీ. మూసిన తలుపు మంటను కొంతసేపు ఆపుతుంది.

ఒకటి వంటింటి గుమ్మం దగ్గర, ఒకటి వరండాలో. రెండు చాలు.

ఏడో అడుగు: నీళ్లు

ఇక్కడే మామ ఇంట్లో దెబ్బతిన్నాం కాబట్టి నిదానంగా చెబుతాను.

ట్యాంకు నిండా నీళ్లుంటే చాలదు, ఒత్తిడి కావాలి. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ఒక్క అంతస్తు మిద్దె మీద, చిన్న దిమ్మె మీద పెట్టిన ట్యాంకు నేల నుంచి నాలుగైదు మీటర్లే. అంటే సగం బార్ కూడా రాదు. ఆ ధారతో తులసిమొక్కకు నీళ్లు పోయొచ్చు, మంట మీదికి కొట్టలేం. అలాంటప్పుడు ధార కోసం తంటాలు పడకుండా, కింది నల్లా నుంచి బకెట్లు నింపి మనుషులు వరుసగా నిలబడి అందించుకోవడమే నయం.

దీనికి మందు బూస్టర్ పంపు, హోస్ రీల్. రీల్ అంటే గోడకు బిగించే ఎర్ర చక్రం, దానికి చుట్టిన 30 మీటర్ల రబ్బరు పైపు, చివర తిప్పితే ఆగే నాజిల్. రీల్ 4,000 నుంచి 6,000, ఒక హార్స్‌పవర్ పంపు 8,000 నుంచి 12,000, పైపులూ కూలీ 5,000 వేసుకోండి. ఆ నాజిల్ నిమిషానికి దాదాపు 25 లీటర్లు పోస్తుంది. వెయ్యి లీటర్లు నలభై నిమిషాలు వస్తాయి. మొదటి అడుగులో కాగితం మీద రాసుకున్న అంకెను ఇప్పుడు తీసి చూడండి. మీకు ఎన్ని లీటర్లు కావాలో అదే చెబుతుంది.

ఆ వెయ్యి లీటర్లు ఎప్పుడూ ట్యాంకులో ఉండాలంటే ఒక చిన్న ఉపాయం ఉంది. ఇంటి వాడకానికి పోయే పైపును ట్యాంకు అడుగున కాకుండా సగం ఎత్తులో పెట్టించండి, రీల్‌కు పోయేది అడుగున. రెండు వేల లీటర్ల ట్యాంకులో పై సగం స్నానాలకూ వంటకూ, కింది సగం మంటకు. ఎవరు ఎంత వాడినా కింది సగం తగ్గదు. ప్లంబరుకు కొన్ని వందల రూపాయల పని. నెలకోసారి రీల్ నుంచి చెట్లకు నీళ్లు పెట్టండి, నీళ్లూ మారతాయి, పంపూ నడుస్తుంది.

మంట లేవగానే మెయిన్ ఆపాలి, అప్పుడు పంపు ఎలా నడుస్తుంది? పంపుకు మెయిన్ స్విచ్ ముందు నుంచే వేరే లైను, వేరే స్విచ్ ఇప్పించాలి. తీగ కొట్టం మీదుగానో చెట్ల మీదుగానో కాకుండా భూమిలోంచి రావాలి. అయినా ఊళ్లో మంట అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కరెంటు తీసేస్తారు, అది సరైన పనే. అందుకే సంపు ఉన్నవాళ్లకు నేను చెప్పేది పెట్రోలుతో నడిచే పంపు. ఒకటిన్నర, రెండు ఇంచుల చిన్న పంపు 10,000 నుంచి 20,000 లోపు వస్తుంది. ఏడు మీటర్ల లోతు దాకానే నీరు లాగగలదు కాబట్టి సంపుకూ, నీళ్లు పైకున్న బావికీ, కుంటకూ పనికొస్తుంది, బోరుకు కాదు. పదిహేను రోజులకోసారి స్టార్టు చేయాలి. పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే చెడిపోతుంది, తీసి బైకులో పోసుకుని కొత్తది నింపండి. పెట్రోలు డబ్బా మాత్రం ఇంటికి దూరంగా నీడలో ఉండాలి.

ఎనిమిదో అడుగు: ఫైరింజన్‌కు దారి

నీళ్లతో నిండిన ఫైరింజన్ పది టన్నులు దాటుతుంది. గేటు పన్నెండడుగుల వెడల్పు ఉండాలి, పద్నాలుగైతే మేలు. గేటు మీద కమాను కట్టించుకుంటే పదిహేనడుగుల ఎత్తుకు తగ్గొద్దు. దారి మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి. తీగలు వేలాడుతుంటే 1912కు ఫిర్యాదు చేయండి. కల్వర్టు మీద రాయి బలంగా ఉందో లేదో చూసుకోండి.

అడ్రసు ఇంకో చిక్కు. సర్వే నంబరు చెబితే డ్రైవరుకు ఏం తెలుస్తుంది? మెయిన్ రోడ్డు నుంచి గుర్తులు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోను పక్కన అంటించండి: ఏ ఊరు, ఏ గుడి దగ్గర మలుపు, ఎన్నో గేటు, సంపులో ఎన్ని నీళ్లున్నాయి. కాపలా చూసుకునే కుటుంబానికి చదవడం రాకపోతే నోటికి నేర్పండి.

తొమ్మిదో అడుగు: పదిళ్లు కలిసి

మామ ఇంటిని ట్యాంకరు కాపాడిందని చెప్పాను కదా. పల్లె ప్రగతి కింద తెలంగాణలో గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఇచ్చారు. మీ ఊరి ట్రాక్టరు నడిపే మనిషి నంబరు మీ ఫోన్లో ఉందా? అది ఒక్క పైసా ఖర్చు లేని పని. సర్పంచిని అడిగి వేసవిలో మధ్యాహ్నాలు ట్యాంకరు నింపి ఉంచేలా చూడండి. దానికి తగిలించే పెట్రోలు పంపు, రెండు పైపులు ఫామ్‌హౌసులవాళ్లు కలిసి కొనిస్తే 25,000 లోపు అవుతుంది. ఊరికీ పనికొస్తుంది, మీకూ పనికొస్తుంది. మన స్థలాల చుట్టూ గోడలు కట్టుకుని ఊరితో మాటలు లేకుండా ఉంటే మంట రోజు ఎవరు పరిగెత్తుకొస్తారు?

వెంచర్‌లో పదిళ్లు దగ్గరదగ్గరగా ఉంటే సొంత ట్యాంకరు గురించి ఆలోచించొచ్చు. ఐదు వేల లీటర్లది లక్షన్నర నుంచి రెండు లక్షల పైచిలుకు. ఇంటికి ఇరవై వేలు పడుతుంది. వేసవిలో తాగునీటికీ అదే వాడుకోవచ్చు, కానీ ఖాళీగా ఎప్పుడూ నిలబెట్టొద్దని ముందే రాసుకోండి.

పదో అడుగు: బీమా

2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' పేరుతో ఒకే రకం పాలసీ ఇవ్వాలి. ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకు బీమా చేస్తారు, భూమి ధరకు కాదు. ఇంట్లో సామాన్లకు ఇంటి మొత్తంలో ఇరవై శాతం, పది లక్షల దాకా, దానంతటదే కలుస్తుంది. బంగారం లాంటివాటికి విడిగా అడగాలి. నలభై లక్షల ఇంటికి ఏడాదికి సుమారు వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు. కొట్టం, కాపలావాళ్ల గది, మోటారు షెడ్డు కూడా పాలసీలో రాయించండి. ఇల్లు ఎక్కువ రోజులు తాళం వేసి ఉంటుందని కూడా ముందే రాతపూర్వకంగా చెప్పండి. దాచిపెడితే తర్వాత క్లెయిమ్ దగ్గర అదే అడ్డం పడుతుంది. గ్యాసు కనెక్షన్ మీ పేరున, మీ అడ్రసులో ఉంటే సిలిండరు ప్రమాదాలకు ఆయిల్ కంపెనీల బీమా వేరుగా ఉంటుంది. దానికి ప్రీమియం కట్టక్కర్లేదు.

మొత్తం ఎంత

ముందు చేయాల్సింది: మూడు పొగ అలారాలు 3,600, ఎక్స్‌టింగ్విషర్లు రెండు 5,500, బ్లాంకెట్ 700, గ్యాసు పైపు 200, ఆర్‌సీసీబీ 3,500. పదమూడున్నర వేలు. రెండు కిటికీల గ్రిల్లులు మార్పిస్తే ఇంకో ఐదు వేలు. ఈ నెలలోనే చేయండి.

తర్వాత ఏడాది లోపు: రీల్, పంపు, పైపులు కలిపి 20,000, పెట్రోలు పంపు 12,000, చుట్టూ దున్నకం 2,500. ముప్పై ఐదు వేల దాకా. ఈ రెండింటికీ కలిపి యాభై ఐదు వేల లోపే, అదీ ఒకసారికే. ఆ తర్వాత ప్రతి ఏటా బీమా, రీఫిల్, రెండుసార్లు దున్నకం, బ్యాటరీలు కలిపి ఆరేడు వేలు. డబ్బు చాలకపోతే రెండో విడత ఆపండి గానీ దున్నకం ఆపొద్దు.

మంట లేచిన రోజు

ముందు మనుషులు, తర్వాత పశువులు, ఆ తర్వాతే ఫోను, ఫోను తర్వాత నీళ్లు. పలుపు ముడి విప్పుతూ కూర్చోవద్దు, కొట్టం గుంజకు ఒక కొడవలి ఎప్పుడూ గుచ్చి ఉంచండి. 101కి చెప్పేటప్పుడు కాగితం చూసి చదవండి, వాళ్లు పెట్టేదాకా ఫోను పెట్టొద్దు. ఒక మనిషిని మెయిన్ రోడ్డు మలుపు దగ్గర నిలబెట్టండి, రాత్రయితే టార్చితో. వాము మీద ఆశ వదులుకుని, ఉన్న నీళ్లు ఇంటి గోడల మీదా కప్పు మీదా కొట్టండి. మామ ఇంట్లో ట్యాంకరు డ్రైవరు చేసింది అదే. మేమంతా కొట్టం మీద పోయమని అరుస్తుంటే ఆయన వినకుండా పైపును ఇంటి వైపు తిప్పాడు.

ఆరాక ఏదీ కదపకుండా ముందు ఫోటోలు తీయండి. బీమా కంపెనీకి ఆ రోజే చెప్పండి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసివ్వండి. వచ్చిన ఫైర్ స్టేషన్ నుంచి ఫైర్ అటెండెన్స్ సర్టిఫికెట్ తీసుకోండి, క్లెయిమ్‌కు అడుగుతారు. పశువులు చనిపోతే పశువైద్యాధికారితో పోస్టుమార్టం చేయించాకే పూడ్చండి. కాలిన గడ్డి పైన చల్లబడినా లోపల రాజుకుంటూనే ఉంటుంది కాబట్టి ఆ రాత్రంతా ఒకరు నీళ్లతో కాపలా ఉండాలి. మా బావ, నేను తెల్లారేదాకా అక్కడే మంచం వేసుకున్నాం. మూడు గంటలప్పుడు వాము బూడిద మళ్లీ ఎర్రబడింది.